గింజల సంఘం ఏడో నియమం

జ్ఞానమణిని చంపింది కిడ్నీ జబ్బు కాదు, కోడికూర. ప్రేమయ్యకు అందులో అనుమానం లేదు, దాని మీద ఎవరితోనూ వాదన లేదు. కడప బండ నల్లగా ఉంటుంది, మే నెల ఎండ కాలుస్తుంది, జ్ఞానమణిని కోడికూర చంపింది. అంతే.

ఆ కూర తిన్నవాళ్లు ఇద్దరు. ఒకరు సుందరం సారు, బడిపంతులుగా రిటైరై పిడికెడు గింజల సంఘానికి కార్యదర్శి అయిన మనిషి. ఇంకొకడు అరుణ్ కుమార్, సంఘం ఫారాలన్నీ ఫోనులో వేసుకుని తిరిగే ముప్పై ఏళ్లవాడు. ఇద్దరూ ప్రేమయ్య వీధివాళ్లే, ఒకే చర్చివాళ్లు. రెండున్నరేళ్లుగా అతను వాళ్లతో మాట్లాడలేదు. ఆదివారం ఆరాధనకు పోతాడు, చివరి వరుసలో కూర్చుంటాడు, ఆఖరి పాట ఎత్తుకోగానే లేచి వచ్చేస్తాడు.

నల్లగుట్టపల్లె వేంపల్లెకు ఆరు మైళ్లు. ఆ ఊళ్లో నూరేళ్లుగా ఒక వాడుక ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, చేటలో పోసుకున్న బియ్యంలోంచో జొన్నల్లోంచో ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తారు. శనివారం ఆ కుండలన్నీ చర్చి వసారాకు చేరతాయి. మొదట్లో చర్చి ఇండ్లే వేసేవి. తర్వాత ముస్లింల ఇండ్లు కూడా వేశాయి. ప్రేమయ్య పక్కింటి దాదాపీర్ భార్య మాబీ కుండ ఒక్క శనివారమూ తప్పలేదు. ఆ గింజలు లేనివాళ్ల ఇండ్లకు పోతాయి. ఊరు వదిలి బాగుపడినవాళ్లు ఈమధ్య ఒక వ్యాను కూడా కొనిచ్చారు, రోగులను దవాఖానకు తీసుకుపోవడానికి.

జ్ఞానమణికి రెండు కిడ్నీలూ ఆగిపోయినప్పుడు ప్రేమయ్య ఆ వ్యాను కోసమే దరఖాస్తు పెట్టాడు. వారానికి మూడుసార్లు కడపలో రక్తం కడిగించాలి. సర్కారు కార్డు మీద కడగడం ఉచితమే. కడప చేరడం ఉచితం కాదు. సంఘం పద్ధతి ఏమంటే, ముందు ఇద్దరు మనుషులు ఇంటికొచ్చి చూడాలి, అవసరం నిజమేనా అని. సుందరం సారూ అరుణ్ కుమారూ బుధవారం మధ్యాహ్నం వస్తామన్నారు.

మధ్యాహ్నం అన్నారు, అక్కడ వచ్చింది చిక్కు. ఆ వేళ గడప తొక్కిన మనిషిని పస్తు పంపే ఇల్లు ఆ సీమలో లేదు. జ్ఞానమణి మంచం మీది నుంచే పురమాయించింది.

"కోడిని చూడుపో. సారు మన ఇంటికి ఎప్పుడొచ్చినాడు? ఉత్త నీళ్లిచ్చి పంపితే నేను చచ్చినా పేరు చెడిపోతాది."

ఇంట్లో కోడి లేదు. బియ్యం కూడా అడుగంటాయి. ప్రేమయ్య పోయి మాబీ దగ్గర కోడినీ రెండు శేర్ల బియ్యాన్నీ బదులు తెచ్చాడు. జ్ఞానమణి నిలబడలేక గోడకు ఆనుకుని కూర్చుని మసాలా నూరింది. వచ్చినవాళ్లు వద్దువద్దంటూనే విస్తరి ముందు కూర్చున్నారు. సుందరం సారు పులుసు రెండోసారి పోయించుకున్నాడు. అరుణ్ కుమార్ తినబోయే ముందు విస్తరిని ఫొటో తీశాడు. ఫోనులో 'ఇంటి ఆహార పరిస్థితి' అని ఒక గడి ఉంది. అందులో 'బాగుంది' అని నొక్కి, ఫొటో జత చేశాడు.

ఐదో రోజు మెసేజి వచ్చింది. మీ దరఖాస్తు పరిశీలించడమైనది, సాయమునకు అర్హత లేదు.

ప్రేమయ్య పోయి అడగలేదు. పెట్టిన అన్నాన్ని ఎత్తి చూపి అడిగే నోరు అతనికి లేదు. ఆటో, బస్సు, మళ్లీ ఆటో. వారానికి మూడుసార్లు పోవలసింది రెండైంది, రెండు ఒకటైంది. పదకొండో వారం, వేంపల్లె ఇంకా కనిపించకముందే, ఆటోలో అతని భుజం మీదే జ్ఞానమణి పోయింది.

కోడి బదులు తెచ్చినదని అతనికి తెలుసు, మాబీకి తెలుసు, దాదాపీర్‌కు తెలుసు. నాలుగో మనిషికి తెలియదు. చెప్పడమంటే చచ్చిపోయిన పెళ్లాం వంటిల్లు తలుపు తీసి ఊరికి చూపడమే.

*

సంఘానికి నూరేళ్లు నిండే సంవత్సరం, మాఘమాసంలో ఒక ఉదయం, సుందరం సారు రాళ్ల కొట్టం ముందు నిలబడ్డాడు.

ప్రేమయ్య పని బండ మీద అక్షరాలు చెక్కడం. సమాధి రాళ్లు, శంకుస్థాపన రాళ్లు, గుడి దాతల పేర్లు. మిషన్లు వచ్చాక పని పలచబడింది గానీ, ఉలితో తెలుగు చెక్కగలిగినవాడు ఆ చుట్టుపట్ల అతనొక్కడే మిగిలాడు. ఆ వేళ దాదాపీర్ కూడా అక్కడే ఉన్నాడు. అతను దర్జీ; కరెంటు పోయి కుట్టు మిషను ఆగినప్పుడల్లా అతని కుర్చీ ఈ కొట్టంలోకి వస్తుంది.

"ప్రేమన్నా, బాగుండావా?" అన్నాడు సుందరం సారు.

ప్రేమయ్య ఉలి ఆపలేదు.

"బావ బాగనే ఉండాడు సారూ," అన్నాడు దాదాపీర్. "మాట ఒకటే లేదు. అది రెండున్నరేండ్లాయ మూగబోయి."

సుందరం సారు జేబులోంచి మడతల కాగితం తీశాడు. నూరేళ్ల పండక్కి చర్చి వసారాలో బండ నిలపాలని తీర్మానించారు. సంఘం నియమాలు తొమ్మిది, కింద ఇప్పటి కమిటీవాళ్ల పేర్లు ఏడు. కడపలో కంప్యూటరు షాపువాడికిస్తే అక్షరం ఒకచోట, ఒత్తు ఒకచోట కోసి పెట్టాడట.

"నువ్వు తప్ప ఎవురూ లేరన్నా. నా మీద కోపం నా మీదనే ఉండనీ. రాయి సంఘానిది కదా."

ప్రేమయ్య కాగితం తీసుకుని ఒకసారి చదివి తిరిగి ఇచ్చేశాడు. రెండున్నరేళ్ల తర్వాత అతను సారుతో అన్న మొదటి మాట ఇది: "ఇది నకలు. అసలు తే."

"అసలా? అదెందుకు?"

"నకలు చూసి నేను చెక్కను. కాగితం మీద తప్పు చింపేస్తే పోతాది. బండ మీద తప్పు నీ మనవడి కాలానికీ ఉంటాది."

అది నిజమే. సమాధి రాయికైనా అతను రేషన్ కార్డో బడి సర్టిఫికెట్టో చూడందే పేరు చెక్కడు. సుందరం సారుకు అది తెలుసు. సాయంత్రానికల్లా చర్చి బీరువాలోంచి పాత పుస్తకం తెచ్చిచ్చాడు.

పొడుగాటి పుస్తకం. అట్టకు చెదలు పట్టింది, లోపల సిరా తుప్పు రంగుకు తిరిగింది. అప్పటి చర్చి ఉపదేశి గోపన్న చేతిరాత. ప్రేమయ్య ఊరిబడిలో ఐదు చదివినవాడు. వేలు పెట్టుకుని, ఒక్కో వాక్యం పెదవులతో కదిలించుకుంటూ, రెండు పగళ్లు చదివాడు.

మొదటి పేజీ 1926 నాటిది. "ఇంతకుముందు మన యూర దానము లేకపోలేదు, దానికి దారి లేదు. దొరసానిగారి అరుగు ముందు గట్టిగా ఏడ్చినవారికి దొరకెను, ఏడ్వనేరనివారికి దొరకలేదు. పెద్ద యుద్ధమునకు పోయి వచ్చినవాని యింటికి మూడుచోట్ల నుండి గింజలు వచ్చెను. విషజ్వరమున మగడు పోయిన సుంకులమ్మకు ఒక్కచోట నుండియు రాలేదు. ఇచ్చువారందరు మంచివారే. ఎవరి మంచి వారిది. కాబట్టి అందరి పిడికిళ్లు ఒక్క కుండలో పడవలెనని నిశ్చయించితిమి."

ఆ తర్వాత ఏడాదికేడాది రాసుకుంటూ పోయారు. కుండ ఎంత ఉండాలి, శనివారం ఎవరు మోయాలి, ఇద్దరు పోయి చూసి రావాలి, ఆ ఇద్దరు ఆ ఇంటికి చుట్టాలు కాకూడదు. కరువు వచ్చిన ఏడు ఏమి చేశారో, పక్క మూడు ఊళ్లవాళ్లు వచ్చి నియమాలు ఎత్తి రాసుకుపోయిందెప్పుడో, అన్నీ ఉన్నాయి. ప్రతి రెండు పేజీలకూ ఒక పేరు వస్తుంది, మద్దమ్మ. గింజల గంప నెత్తిన పెట్టుకుని పన్నెండేళ్లు ఇల్లిల్లూ తిరిగిన విధవరాలు. చదువు లేదు. ఆమె చెప్పేది, గోపన్న రాసేవాడు.

నియమాలు తొమ్మిది కాదు, పది. ఏడోది 1930లో చేర్చారు.

"విచారణకు పోయినవారు ఆ యింట అన్నము తినరాదు, నీళ్లయినను ముట్టరాదు. కారణము: మొన్న విచారణకు పోయినవారికి పుల్లన్న యింట విత్తనపు జొన్నలు దంచి సంగటి పెట్టిరి. పోయినవారు తిని వచ్చి, ఆ యింట లోటు లేదని చెప్పిరి. మద్దమ్మ చెప్పినది: పస్తున్న యిల్లే ముందు పెట్టును. తినినవాని సాక్ష్యము చెల్లదు."

దాని మీద నీలిసిరాతో అడ్డంగా గీత. పక్కన వేరే చేతిరాత: "అంటరానితనమును తలపించుచున్నది. తీసివేయడమైనది. 1971."

ప్రేమయ్య పుస్తకం మూశాడు. మళ్లీ తెరిచాడు. తొంభై ఆరేళ్ల కింద చదువురాని ముసలిది ఒకతె తన ఇంట్లో జరగబోయేది ముందే చూసి అడ్డుకట్ట వేసి పోయింది. ఎవడో మంచివాడు ఆ కట్ట తెంచాడు. చెడ్డవాడై ఉంటే తిట్టుకోవడానికి సులువుగా ఉండేది.

"ఏం బావా, పాము కరిచినట్టు కూర్చుండావు?" అన్నాడు దాదాపీర్.

ప్రేమయ్య వేలితో ఆ చోటు చూపించి చదివి వినిపించాడు. దాదాపీర్ నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడేం చేస్తావు?"

"పదీ చెక్కుతా."

"వాళ్లు తొమ్మిదే కదా ఇచ్చింది?"

"వాళ్లకిచ్చింది పది."

*

గురువారం నాటికి బండ తయారైంది. సుందరం సారూ అరుణ్ కుమారూ చూడడానికి వచ్చారు. నల్లటి నునుపు మీద తెల్లటి అక్షరాలు, గీత గీసినట్టు వరుసలు. సుందరం సారు వేలు జరుపుకుంటూ, మురిసిపోతూ, ఏడో వరుస దగ్గర ఆగాడు. తర్వాత కిందికి చూశాడు. ఏడుగురి పేర్లు ఉండవలసిన చోట మద్దమ్మ మాట ఉంది. పస్తున్న ఇల్లే ముందు పెట్టును. తినినవాని సాక్ష్యము చెల్లదు.

"మా పేర్లు యాడన్నా?"

"చోటు చాలలా."

"ముసలమ్మ మాటకు చాలిందే!"

"అది ముందొచ్చింది."

"ప్రెసిడెంటు గారి పేరు లేని శిలాఫలకం నేనిప్పటిదాకా చూడలా సారూ," అన్నాడు దాదాపీర్ కుర్చీలోంచి. "మన ఊరికి మొదటి బహుమతి ఖాయం."

సుందరం సారు నవ్వలేదు. నిజానికి పేర్ల కోసం కూడా కాదు అతని బాధ. బండ పక్కన చతికిలబడి మెల్లగా చెప్పాడు.

"పేర్లు పోతే పోనీ. ఈ ఏడోది ఎట్లా పెడతావన్నా? మన ఇండ్లల్లో నీళ్లు ముట్టరాదని మన చర్చిలోనే రాయి పాతుకుంటామా? ఈ మాట చెప్పించుకున్న వాళ్లమే కదా మనం. మా నాయన హోటలు బయట కొబ్బరి చిప్పలో టీ తాగినాడు. దాన్ని కొట్టేసిన మనిషి ఊరికే కొట్టేసినాడా?"

ప్రేమయ్య బండ మీది పొడి తుడిచాడు. తన నాయన కూడా ఆ హోటలు బయటే తాగాడు.

"పెద్దనాయనా," అన్నాడు అరుణ్ కుమార్, "మీరు నొచ్చుకోవద్దండి. యాప్‌లో తొమ్మిది నియమాలకే గడులుండాయి. పదోది ఇప్పుడు..."

"నీ ఫోనులో ఎన్ని గడులుంటే అంతే ఆకలి ఉంటాదా?" అన్నాడు ప్రేమయ్య.

అరుణ్ కుమార్ తల దించుకున్నాడు.

"చెక్కిన అక్షరాన్ని నేను పూడ్చను. మీకు వద్దంటే పగలగొట్టుకోండి. సుత్తి నేనిస్తా."

"నేను పగలగొట్టను, నువ్వు పూడ్చవు," అన్నాడు సుందరం సారు లేస్తూ. "శనివారం కుండలు తెచ్చే ఆడోళ్లను అడుగుదాం. గింజలు వాళ్లవి. వాళ్లు ఊ అంటే నిలబెడతాం. లేదంటే తొమ్మిదితో వేరే బండ."

అతను వెళ్లాక దాదాపీర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"వాళ్లు ఊ అనరు బావా. నీళ్లు ముట్టరాదు అన్న మాట చెవిన పడితేనే లేచిపోతారు. నువ్వు కోడి సంగతి చెప్పాల."

"చెప్పను."

"చెప్పకుంటే రాయి నిలబడదు."

"మాబీ గానీ నువ్వు గానీ ఆ మాట ఎత్తినారంటే మీ గడప తొక్కను."

"మేమెందుకు ఎత్తుతాం? కోడి మాది, కూర మీది. చెప్పాల్సినోడివి నువ్వే."

*

శనివారం పొద్దున చర్చి వసారా నిండింది. నలభై మందికి పైగా ఆడవాళ్లు, ఒళ్లో కుండలు, స్టీలు డబ్బాలు, ఎరువుల సంచితో కుట్టిన చిన్న మూటలు. బండను గోడకు ఆనించి నిలబెట్టారు. సుందరం సారు పది నియమాలూ చదివాడు. ఏడోది చదివి, అది ఎందుకు కొట్టేశారో కూడా చెప్పాడు. అన్యాయంగా చెప్పలేదు. అదే ప్రేమయ్యకు ఎక్కువ మండింది. అబద్ధం చెప్పి ఉంటే లేచి దులిపేసేవాడు.

"మన తాతలు దోసిలి పట్టి నీళ్లు తాగినారు," అన్నాడు సుందరం సారు. "ఇప్పుడు మనమే మన ఇండ్లకు పోయి నీళ్లొద్దందామా?"

"అదేం మాట, వద్దు," అంది ముందు వరుసలో ఒక ముసలామె. "మా ఇంట్లో నీళ్లు తాగనోళ్లను శానా మందిని చూసినాంలే. ఇంగ మనోళ్లు కూడానా!"

వెనక నుంచి నాలుగైదు గొంతులు అవునన్నాయి. నాగక్క మాత్రం, ఊరి చివర మనవరాలిని పెట్టుకుని బతికే ఆమె, డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది. దాదాపీర్ మెట్ల మీద నిలబడి ప్రేమయ్య వైపు చూశాడు. మాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది.

ప్రేమయ్య చివరి వరుసలోంచి లేచాడు. లేచినవాడు అలవాటుగా మెట్ల వైపే ఒక అడుగు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి బండ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"కోడి నాది కాదు," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"సుందరం సారూ అరుణ్ కుమారూ మా ఇంటికి విచారణకు వచ్చిన పొద్దు తిన్న కోడి మాబీది. బియ్యమూ మాబీవే. నేనే పోయి బదులు తెచ్చినా. మా ఇంట్లో ఆ పొద్దు నూకలు తప్ప గింజ లేదు. జ్ఞానమణికి నిలబడే సత్తువ లేదు. కూర్చొని నూరింది. నూరతా రెండుసార్లు పక్కకు వాలిపోయింది. నేను వద్దనలా. వద్దనాల్సింది. సారు మన ఇంట్లో తింటాడని నాకూ గొప్పగా ఉండె. తిన్నారు. లోటు లేదని రాసుకున్నారు. పదకొండు వారాలకు ఆయమ్మ పోయింది."

సుందరం సారు ముఖం సున్నంలా పాలిపోయింది.

"ఆ పొద్దు ఒక్క మాట చెప్పకపోతివే అన్నా!"

"అన్నం వడ్డించి, ఇది అప్పు తెచ్చిందని చెప్పేదా? నువ్వైతే చెప్తావా సారూ? మీ ఇంట్లో ఎవురైనా చెప్తారా?"

అప్పుడు నాగక్క డబ్బా కింద పెట్టి లేచింది.

"నన్ను కూడా చెప్పనీండప్పా. పోయినేడు మా ఇంటికి వచ్చిన పొద్దు మీకు టీ పోసినా కదా సారూ? బాగుందని ఇంకో లోటా అడిగినారు."

"అడిగినానమ్మా."

"ఆ పాలు మా పాపవి. ఆ పొద్దు పాప గంజి తాగి పండుకునె. నాకు గింజలు రాలేదు. టీ మాత్రం మంచి పేరు తెచ్చుకుండె."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్విన మనిషే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ వెనక ఇంకొకామె, తను గుడ్లు అడిగి తెచ్చానంది. ఇంకొకామె పొరుగింటి నెయ్యి అంది. ముందు వరుస ముసలామె అందరినీ ఒకసారి కలయజూసి సుందరం సారు మీద విరుచుకుపడింది.

"ఏం విచారణయ్యా మీది! ఊరంతా అప్పు చేసి మిమ్మల్ని మేపిందే!"

"నాకు తెల్దు పెద్దమ్మా."

"మద్దమ్మకు తెల్సింది చూడు. చదువు ల్యాకపోయినా."

చేతులెత్తమని ఎవరూ అడగవలసిన పని లేకపోయింది. అయినా అడిగారు, పద్ధతి పద్ధతే కాబట్టి. అందరికంటే ముందు ఎత్తింది అరుణ్ కుమార్. ఫోను జేబులో పెట్టుకుని, ఫొటో గడి ఆ రోజే తీసేస్తానని చెప్పాడు. అంటరానితనం అనిపించకుండా కారణం కూడా చదివి వినిపించాకే ఇంటి గడప ఎక్కాలని నాగక్క అంది. ఒప్పుకున్నారు. ఏడుగురి పేర్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక బండ నిలబెట్టారు. ప్రేమయ్య దగ్గరుండి, నీళ్లమట్టం పెట్టి, నిటారుగా ఉందో లేదో రెండుసార్లు చూసి, ఇంటికి వచ్చేశాడు.

సోమవారం సుందరం సారు కొట్టానికి వచ్చాడు. ప్రేమయ్య ఏదో సమాధి రాయి మీద సున్నపు దారంతో గీతలు వేస్తున్నాడు. సారు నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"అన్నా, నేను రాత్రంతా..." అని మొదలుపెట్టి ఆగాడు. "నన్ను క్షమించు."

"క్షమించను."

"పోనీ, ఒక మాట విను. వచ్చే ఆదివారం పండగ. బయటి ఊళ్లవాళ్లు శానా మంది వస్తాండారు. నువ్వు లేచి మొన్న చెప్పినట్టే ఇంకొక్కసారి చెప్తే, మణక్క పేరు మీద ఆ నియమాన్ని..."

"సారూ."

ప్రేమయ్య సున్నపు దారం వదిలేసి తలెత్తాడు.

"నియమం నిలబడాలని చెప్పినా. నిలబడె. ఆయమ్మ వంటిల్లు ఒక్కసారి తెరిచినా. మూసేసినా. పండక్కి చెప్పను, పాస్టరుకు చెప్పను, రేపు దేవుడు అడిగినా చెప్పను. ఆ మాట నువ్వెత్తితే నేను లేచిపోతా. నా నోట మాత్రం, చచ్చేదాకా, ఇంగ రాదు."